‘నేను ఒప్పుకోను’ అనే బటన్ ఏది?

కృష్ణాతీరం · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేనుండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడి పోస్టాఫీసు హొరైజన్ గొడవ గురించి మీరూ వినే ఉంటారు. 2024 జనవరిలో టీవీలో దాని మీద సీరియల్ వచ్చాక ఇక్కడ ఎక్కడ చూసినా అదే మాట. ‘సాఫ్ట్‌వేర్‌లో తప్పుంది, పాపం అమాయకులు జైలుకెళ్లారు’ అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నాకు దాంతో తృప్తి కలగట్లేదు. తప్పుల్లేని సాఫ్ట్‌వేర్ ఎక్కడుంది? అన్నేళ్లపాటు ఆ తప్పుని తప్పు అననివ్వకుండా ఆపిందేమిటన్నదే నా ప్రశ్న.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. బ్రిటన్‌లో చిన్న పోస్టాఫీసులు నడిపేది సబ్ పోస్ట్‌మాస్టర్లు. వీళ్లు జీతగాళ్లు కారు, కాంట్రాక్టు మీద నడుపుతారు. ఒక పక్క కిరాణా కొట్టు, మరో పక్క పోస్టాఫీసు కౌంటరు. 1999 నుంచి ఆ కౌంటర్లన్నిటిలో హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ పెట్టారు. తయారుచేసింది ఫుజిత్సు చేతిలో ఉన్న ఐసీఎల్. అక్కణ్ణుంచి ఊరూరా డబ్బు తగ్గినట్టు స్క్రీన్ మీద చూపించడం మొదలైంది. తగ్గింది జేబులోంచి కట్టాలన్నది పోస్టాఫీసు వాదన. ఇళ్లు తాకట్టు పెట్టి కట్టినవాళ్లున్నారు. 900 మందికి పైగా దొంగతనం, దొంగలెక్కల నేరాల కింద శిక్షలు పడ్డాయి. ఎక్కువ కేసుల్లో ప్రాసిక్యూషన్ నడిపింది కూడా పోస్టాఫీసే. కనీసం 13 మంది ఈ కారణంగా ఆత్మహత్య చేసుకుని ఉండొచ్చని 2025లో వచ్చిన విచారణ నివేదిక చెప్పింది.

తప్పులు ఎలాంటివో ఒక్కటి చెబుతా. 2015లో స్కాట్లండ్‌లోని డాల్‌మెల్లింగ్టన్ అనే ఊళ్లో 8,000 పౌండ్ల నగదు వచ్చింది. అందినట్టు నమోదు చేయడానికి ఎంటర్ నొక్కారు. స్క్రీన్ కదల్లేదు. మళ్లీ నొక్కారు, మళ్లీ నొక్కారు, ఇంకోసారి నొక్కారు. అలా నొక్కిన ప్రతిసారీ లోపల ఇంకో 8,000 వచ్చినట్టు పడిపోయింది. చివరికి 24,000 పౌండ్లు లెక్కలో ఉన్నాయి, పెట్టెలో లేవు.

నన్ను నిద్రపోనివ్వంది ఇంకోటి. నెలవారీ లెక్క ముగించేటప్పుడు డబ్బు తగ్గినట్టు చూపిస్తే స్క్రీన్ ఇచ్చే దారులు: నగదుగా కట్టు, చెక్కుగా కట్టు, లేదా కేంద్ర కార్యాలయంతో తర్వాత తేల్చుకుంటానను. ‘ఈ లెక్క తప్పు, నేను ఒప్పుకోను’ అనడానికి చోటే లేదు. ముగించకపోతే మర్నాడు కౌంటరు తెరవడానికి వీల్లేదు. తప్పని తెలిసీ ‘లెక్క సరిపోయింది’ అని ముగిస్తే అదే దొంగలెక్క నేరం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ బటన్ లేకపోవడం ప్రోగ్రామర్ల మరుపా, ఎవరైనా కావాలని చేసిన పనా? మన దగ్గర ఇలాంటివి చూశారా? చెప్పండి.

పాత_క్యాషియర్ · ఆదివారం, ఉదయం 6:15

కృష్ణాతీరం గారూ, మీ పోస్టు చదువుతూ కాఫీ చల్లారబెట్టుకున్నాను. నేను బ్యాంకులో చేరింది లెడ్జర్ల కాలంలో, రిటైరైంది కోర్ బ్యాంకింగ్ వచ్చాక. రెండూ చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

మా దగ్గర తేడాలు రెండు రకాలు. కౌంటర్లో నోట్లు తగ్గితే క్యాషియర్ కట్టుకోవాల్సిందే. ఎవరికో ఎక్కువిచ్చి ఉంటాం, అది మన పొరపాటు, అందులో వాదన లేదు. పుస్తకాలు కలవకపోవడం వేరు. జనరల్ లెడ్జర్‌లో ఒక అంకె, సేవింగ్స్ లెడ్జర్లన్నీ కూడితే ఇంకో అంకె వస్తే దాన్ని ఫలానావాడి నెత్తిన రుద్దేవారు కాదు. రాత్రిదాకా అందరం కూర్చుని వెతికేవాళ్లం. తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోయిందా, ఎవరో అంకెలు తారుమారు చేశారు, 54 బదులు 45 వేసినట్టు. లేదూ, తేడాలో సగం మొత్తానికి ఎక్కడైనా ఎంట్రీ దొరికిందా, జమలో పడాల్సింది ఖర్చులో పడింది. కొత్తగా చేరిన పిల్లలకి మేం ముందు నేర్పేది ఈ రెండు కిటుకులే. అవీ పనిచేయకపోతే ఆ మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసి ఇళ్లకెళ్లేవాళ్లం. తేలేదాకా అది అక్కడే ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ప్రతివాడూ ‘ఇదేంటయ్యా ఇంకా’ అని గుచ్చుతాడు.

సస్పెన్స్ ఖాతా అంటే ‘ఇది నాకింకా అర్థం కాలేదు’ అని బ్యాంకు తన పుస్తకంలో తానే రాసుకోవడం. మీ పోస్టాఫీసులో అలాంటి ఖాతా లేదా? ఉండకపోవడం నాకు నమ్మశక్యంగా లేదు. అంత పాత సంస్థ.

కృష్ణాతీరం · ఆదివారం, ఉదయం 11:02

క్యాషియర్ గారూ, సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. ఉండేది! బ్రాంచి స్థాయిలోనే సస్పెన్స్ ఖాతా ఉండేది. వివాదంలో ఉన్న మొత్తం అందులో పెట్టుకునేవారు. 2005లో వ్యవస్థను మార్చినప్పుడు దాన్ని తీసేశారు. ఆ తర్వాతే నేను చెప్పిన మూడు దారులు మిగిలాయి.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే చాలామందికి వచ్చిన జవాబు ఒకటే: ‘ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోంది.’ దేశమంతటా వందల మందికి విడివిడిగా ఇదే మాట చెప్పారు.

సెమికోలన్ · ఆదివారం, మధ్యాహ్నం 1:30

అందరూ ప్రోగ్రామర్లనే చూస్తున్నారు కాబట్టి హైదరాబాద్ నుంచి ఆ కులస్థుడిగా ఒక మాట.

ఆ బటన్ మరిచిపోయి ఉండరు. ‘ఒప్పుకోను’ బటన్ పెట్టావంటే దాన్ని నొక్కినవాడికి జవాబు చెప్పేవాడొకడు ఉండాలి. ఫిర్యాదు నమోదు చేయాలి, మిషన్ రాసుకున్న చిట్టా చూడాలి, ఇన్ని రోజుల్లో తేల్చాలి. అంటే మనుషులు, జీతాలు. ‘నెలకి ఎంతమంది నొక్కుతారు? ఆ పని చూసే టీమ్ ఖర్చు ఎవరిది?’ మీటింగులో ముందు వచ్చే ప్రశ్న ఇదే. జవాబు లేకపోతే ‘రెండో ఫేజ్‌లో చూద్దాం’ అంటారు. మా పరిశ్రమలో రెండో ఫేజ్ అనేది స్వర్గం లాంటిది, ఉందంటారు గానీ చూసొచ్చినవాడు లేడు.

హొరైజన్‌లో ఇంకో దారుణం ఉంది. ఫుజిత్సు దగ్గర తెలిసిన తప్పుల చిట్టా ఒకటి ఉండేది. వాళ్ల ఇంజినీర్లు దూరం నుంచే బ్రాంచి లెక్కల్లోకి దూరి మార్చగలిగేవారు. అలా కుదరనే కుదరదని పోస్టాఫీసు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. లెక్క రాసింది ఎవరో తెలియనప్పుడు లెక్క తప్పిన నేరం ఒకడి మీద ఎలా మోపుతారు? మాకు నిజంగా వాడుకలో ఉన్న డేటాబేస్‌లో ఒక్క వరస మార్చాలన్నా ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని రికార్డు ఉండాలి. ఉండాలి అంటున్నా, అన్ని కంపెనీల్లో ఉంటుందని అనట్లేదు.

పల్నాటి_పౌరుషం · ఆదివారం, సాయంత్రం 4:48

అయ్యా, చర్చ బాగుంది గానీ ‘ఆహా కాగితాల కాలం, ఓహో లెడ్జర్ల కాలం’ అనే వరస నాకు నచ్చదు. మా తాతల కాలంలో కంప్యూటర్ లేదు, కరణం ఉన్నాడు. అడంగల్‌లో, అంటే ఊరి భూముల రిజిస్టర్లో, ఆయన ఏం రాస్తే అది. నువ్వు దున్నుతున్న చేను ఇంకొకడి పేరు మీద ఉంటే ఏ బటన్ నొక్కాలి? కోడిపుంజు పట్టుకుని ఆయన గడపలో నిలబడటమే బటన్. 1984లో ఎన్టీఆర్ ఆ వ్యవస్థ తీసేస్తే ఊళ్లకి ఊళ్లు పండగ చేసుకున్నాయి.

మిషన్‌కి కులం తెలియదు, పార్టీ తెలియదు, మామూలు అడగదు. ఈ-పాస్ అనే వేలిముద్ర మిషన్ రాకముందు రేషన్ బియ్యం ఎక్కడికి పోయేవో మనకి తెలీదా? పది మందికి వేలిముద్ర పడకపోతే మొత్తం వ్యవస్థ దండగ అంటారా?

చౌకడిపో · ఆదివారం, రాత్రి 8:20

పల్నాటి అన్నా, ‘ఎక్కడికి పోయేవో’ అని నా వైపు చూస్తున్నావు, కనిపెట్టా. నేను రేషన్ డీలర్ని, గుంటూరు జిల్లా. దొంగ డీలర్లు ఉన్నారు, లేరని నేననను.

2015లో మిషన్ వచ్చింది. మంచి జరిగింది, అదీ ఒప్పుకుంటా. బియ్యం తీసుకోకుండానే తీసుకున్నట్టు పుస్తకంలో రాసుకునే పని పోయింది. కానీ మీరెవరూ కౌంటరు ఇవతల నిలబడలేదు కాబట్టి చెబుతున్నా. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు వస్తారు. సీజన్లో రోజంతా అదే పని, వేళ్ల మీద గీతలుండవు. వేలు పెడితే ఎర్ర లైటు. తడిగుడ్డతో తుడుస్తాం, మళ్లీ పెడతాం, ఎర్ర లైటు. కుడి బొటనవేలు అయిపోయాక చూపుడు వేలు, ఉంగరం వేలు, తర్వాత ఎడమ చెయ్యి. వెనక లైన్లో వాళ్లు ‘ఏంటే అక్కా, ఎంతసేపు’ అంటారు. చివరికి ఆమె నన్ను చూస్తుంది. ‘నేను నేనే కదయ్యా, నీకు తెలీదా’ అంటుంది. నాకు తెలుసు. వాళ్ల పెళ్లి భోజనం చేశాను. నాకు తెలియడం వల్ల లాభం లేదు, మిషన్‌కి తెలియాలి.

దానికీ దారి పెట్టారు. వేళ్లు పడనివాళ్లకి వీఆర్వో తన వేలు పెట్టి ఇప్పించొచ్చు. మా వీఆర్వో మంచోడు, వచ్చి కూర్చుని పెట్టేవాడు. పక్క ఊరాయన మాత్రం వచ్చేవాడు కాదు. ‘నా వేలు మీద ఎక్కువ కార్డులు కనబడితే రేపు పైనుంచి నన్నడుగుతారు’ అనేవాడు. ఆయన భయం ఆయనది. వాళ్ల ఊరివాళ్లు ఉత్త సంచులతో తిరిగెళ్లేవాళ్లు.

కృష్ణాతీరం · ఆదివారం, రాత్రి 10:55

చౌకడిపో గారూ, మీ వీఆర్వో వేలు చూస్తే నేను అడిగిన బటన్ మన దగ్గర ఉన్నట్టే. ‘మిషన్ కాదంటోంది, ఔనని నేనంటున్నా, నా పేరు రాసుకోండి’ అని ఒక మనిషి అనగలగడం. హొరైజన్‌లో అలాంటి మనిషి ఎక్కడా లేడు.

పక్క ఊరాయన భయం గురించి ఆలోచిస్తున్నాను. ఆయన వేలు పెడితే రికార్డవుతుంది, పెట్టకపోతే అవ్వదు. ఇచ్చినవాణ్ణి లెక్క అడుగుతారు, ఉత్త సంచితో పంపినవాణ్ణి అడగరు. పెట్టనందుకు కూడా ఎక్కడో ఒక గీత పడే ఏర్పాటుంటే ఆయన వచ్చేవాడేమో.

సెమికోలన్ · సోమవారం, ఉదయం 9:10

సాంకేతికంగా చాలా తేలిక. ఫలానా కార్డు మీద పది వేళ్లూ విఫలమయ్యాయన్న సంగతి మిషన్‌కి తెలుసు. ఆ నెల ఆమెకి బియ్యం అందలేదన్నదీ తెలుసు. రెండూ కలిపి ‘వచ్చి తిరిగెళ్లినవాళ్లు’ అని ఒక రిపోర్టు తీయడం పూట పని. పైవాళ్లు రోజూ చూసే స్క్రీన్ మీద ఎన్ని లావాదేవీలు జరిగాయన్న అంకె ఉంటుంది. తిరిగెళ్లినవాళ్లది లావాదేవీ కాదుగా, లెక్కలోకి రారు.

పల్నాటి గారికి ఒక జవాబు బాకీ. మిషన్ మంచిదా చెడ్డదా అని కొట్టుకోనక్కర్లేదు, మన రాష్ట్రంలోనే పరీక్ష జరిగింది. 2010–12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో ఉపాధి హామీ కూలీ, పెన్షన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఇచ్చి ఆర్థికవేత్తలు కొలిచి చూశారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో తినడం తగ్గింది, జనం కూడా కార్డే నయమన్నారు. అయితే అప్పుడు కార్డు లేనివాళ్లకి పాత పద్ధతిలో డబ్బు ఆగలేదు. తర్వాత జార్ఖండ్ రేషన్‌లో అదే బృందం చూసినప్పుడు ఆధార్ పడితేనే బియ్యం అన్న రూలుంది. అక్కడ అర్హులకి కూడా కోత పడింది. రెండు చోట్లా వేలిముద్రలే. పడనప్పుడు ఏం చేయాలన్న రూలు వేరు.

పల్నాటి_పౌరుషం · సోమవారం, ఉదయం 9:31

ఇది న్యాయంగా ఉంది. అయితే తప్పు మిషన్‌ది కాదన్నమాట, రూలు రాసినవాడిది. నేనన్నదీ అదే.

ఓరుగల్లు · సోమవారం, మధ్యాహ్నం 2:15

పల్నాటి గారు అంత తొందరగా ఊపిరి పీల్చుకోవద్దు. మిషన్, రూలు అని రెండు ముక్కలుగా కోయడం అన్ని చోట్లా కుదరదు.

మా తెలంగాణలో బోగస్ కార్డుల ఏరివేత సంగతి చూడండి. సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. వాహనాల రిజిస్ట్రేషను, ఆస్తి పన్ను, కరెంటు, ఇలా వేర్వేరు శాఖల రికార్డులు తీసుకుని పేరు, చిరునామా పోల్చి ‘ఇక్కడి ఫలానా మనిషి, అక్కడి ఫలానా మనిషి ఒక్కరే’ అని అంచనా కడుతుంది. హైదరాబాద్‌లో ఒకావిడ భర్త రిక్షా తొక్కేవాడు. ఆయన పేరు కారున్న ఇంకొకాయన పేరుతో కలిసిపోయింది. కారున్న ఇంటికి ఆహార భద్రత కార్డు ఎందుకని నిరాకరించారు. న్యాయం కోసం ఆమె హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

మన పేర్లతో ఈ పని ఎంత ప్రమాదమో ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకు తెలియదనుకోను, వాళ్లూ ఇక్కడివాళ్లే. ఒక మండలంలో ఎంతమంది వెంకటమ్మలు, ఎంతమంది మహ్మద్ అలీలు? ఇంటిపేరు ఒక రికార్డులో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, మూడోదాంట్లో ఒక్క అక్షరమై కూర్చుంటుంది. లక్ష్మి ఇంగ్లీషు స్పెల్లింగు ఆఫీసుకొక తీరు. పోలిక ఎంత దగ్గరుంటే ‘ఒక్కరే’ అనాలన్న గీత ఎవరో గీశారు. గీత ఇటు జరిపితే కారున్నోళ్లు తప్పించుకుంటరు, అటు జరిపితే రిక్షా తొక్కేటోళ్లు ఇరుక్కుంటరు. ఆ గీత మిషన్‌లోదా, రూలా? ప్రభుత్వ ఉత్తర్వులో ఉండదు, ప్రోగ్రాంలో ఉంటుంది. శాసనసభలో ఎవరూ దాని మీద చర్చించలేదు. ఎవరి నోటి దగ్గరి ముద్ద ఆగాలో మాత్రం అదే చెబుతోంది.

ఇంటికొచ్చి అడిగి తీసేయలేదు. చాలామందికి డీలరు దగ్గర నిలబడ్డాకనే కార్డు లేదని తెలిసింది. 2016 నుంచి అలా రద్దయిన 19 లక్షల కార్డుల మీద పిటిషన్ పోతే, క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పింది.

పల్నాటి_పౌరుషం · సోమవారం, మధ్యాహ్నం 2:40

అందులో నిజంగా బోగస్‌వి కూడా బోలెడు ఉంటాయి కదమ్మా. మా బంధువుల్లోనే ట్రాక్టరు, మేడ, తెల్లకార్డు మూడూ ఉన్నవాళ్లు ఉన్నారు. ఎవరూ అడగకపోతే వదిలేయాల్నా?

ఓరుగల్లు · సోమవారం, మధ్యాహ్నం 3:05

వదలమనట్లే. అనుమానం మిషన్ పడనీ, దానికి తప్పులేదు. అనుమానం పడ్డాక ఒక మనిషి పోయి తలుపు కొట్టాలె, తర్వాతనే తీసేయాలె. మన దగ్గర ముందు తీసేసి, ‘నువ్వు బోగస్ కాదని నువ్వే తేల్చుకో’ అన్నరు. ఆమె ఏం తేల్చుకుంటది? కారు లేదని రుజువు ఏ ఆఫీసులో ఇస్తరు?

మోడరేటర్ · సోమవారం, సాయంత్రం 5:00

మీ పార్టీ చేసిందా మా పార్టీ చేసిందా అనే వరసలో వచ్చిన పోస్టులు తీసేశాను. విషయం మీదే ఉండండి.

మెల్‌బోర్న్_మామ · సోమవారం, సాయంత్రం 6:22

ఓరుగల్లు అమ్మాయి ఆఖర్న అన్నదానికి మా ఆస్ట్రేలియాలో జరిగిందే ఉదాహరణ. ఇందులో విచిత్రమేమిటంటే ప్రోగ్రాంలో తప్పు (బగ్) లేదు. కంప్యూటర్ చెప్పినట్టే చేసింది.

దీన్ని ఇక్కడ రోబోడెట్ అంటారు. ఇక్కడ నిరుద్యోగులకి, విద్యార్థులకి ప్రభుత్వం రెండు వారాలకోసారి భత్యం ఇస్తుంది. ఆ రెండు వారాల్లో ఎంత సంపాదించావో చెప్పాలి, దాన్నిబట్టి ఇస్తారు. 2016 నుంచి ఏం చేశారంటే, పన్నుల శాఖ దగ్గరున్న ఏడాది మొత్తం ఆదాయాన్ని తీసుకుని 26 పక్షాలకి సమానంగా పంచేశారు. ఒక కుర్రాడు ఆరు నెలలు ఉద్యోగం చేసి 26,000 డాలర్లు సంపాదించాడనుకోండి. ఉద్యోగం పోయాక ఆరు నెలలు భత్యం తీసుకున్నాడు. పంచితే పక్షానికి వెయ్యి. ‘భత్యం తీసుకున్న రోజుల్లో కూడా వెయ్యి చొప్పున సంపాదించావు, దాచావు, బాకీ కట్టు’ అని నోటీసు. కాదంటే ఏళ్ల కిందటి జీతం చీటీలు తెచ్చి చూపించాలి. మూతపడిన హోటల్లో గిన్నెలు కడిగినవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

అంతకుముందు కూడా ఆ రెండు శాఖల లెక్కలు పోల్చేవారు, తేడా వస్తే ఉద్యోగి ఒకరు యజమానికి ఫోన్ చేసి కనుక్కునేవారు. ఆ ఫోన్ తీసేశారు, ఆ పని జనం నెత్తిన పెట్టారు. 2019 నవంబరులో ఒక కేసులో ఆ బాకీ చెల్లదని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది. 2023లో దీని మీద విచారణ జరిపిన రాయల్ కమిషన్ చీల్చి చెండాడింది. ఇంతా చేసి, హైస్కూలు పిల్లాడికి కూడా తెలిసే లెక్క ఇది. సగటు అందరికీ వర్తించదు!

ఎంటెక్_కుర్రాడు · సోమవారం, రాత్రి 9:15

పెద్దలందరికీ నమస్తే. నేను మెషిన్ లెర్నింగ్ చదువుతున్నాను. ఇవన్నీ పాత తరం మొరటు సిస్టమ్స్ కదా. ఇప్పటి ఏఐ మోడల్స్ పేర్లని ఇంతకంటే చాలా బాగా పోల్చగలవు, ఎందుకలా నిర్ణయించిందో వివరణ కూడా రాసిస్తాయి. అప్పుడు ఈ సమస్య తగ్గదా?

ఓరుగల్లు · సోమవారం, రాత్రి 9:58

తమ్ముడూ, పోలిక మెరుగవుతుంది, అది నిజం. వివరణ దగ్గరే నా భయం. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అని చిన్న ప్రోగ్రాం రాశాడు. మనమేదంటే దాన్నే ప్రశ్నగా తిప్పి అడిగేది, అంతకంటే తెలివి లేదు. అది ఎట్లా తయారైందో పక్కనుండి చూసిన ఆయన సెక్రటరీయే దానితో మాట్లాడుతూ, కాసేపు గదిలోంచి బయటికెళ్లమని ఆయన్నే అడిగింది. వైజెన్‌బామ్ దిమ్మతిరిగిపోయి తర్వాత జీవితమంతా కంప్యూటర్ల మీద అతి నమ్మకాన్ని విమర్శిస్తూనే ఉన్నాడు. కంప్యూటర్ చేయగలదా అన్న ప్రశ్న వేరు, దానికి అప్పగించాలా అన్న ప్రశ్న వేరు అనేవాడు.

‘సిస్టం తీసుకోవట్లేదు’ అంటే కనీసం మనకి కోపం వస్తది. రేపు చక్కటి తెలుగులో మర్యాదగా ‘మీ దరఖాస్తును క్షుణ్ణంగా పరిశీలించాము’ అని అరపేజీ వివరణ వస్తే వెంకటమ్మ తలూపి ఇంటికి పోతది. అది పరిశీలించిందో, పరిశీలించినట్టు రాసిందో ఎవరు చెప్పాలె?

ఎంటెక్_కుర్రాడు · సోమవారం, రాత్రి 10:20

అక్కా, ఆఖరి ప్రశ్న మీద నిజంగానే మా ఫీల్డ్‌లో పరిశోధన జరుగుతోంది. మోడల్ రాసే కారణం, అది లోపల వాడిన కారణం ఒకటే అవ్వాలని లేదు. మా ప్రాజెక్టులో అది కొలిచేదాకా వెళ్లం, కరెక్ట్‌గా చెప్పిందా లేదా అనే చూస్తాం.

నల్లకోటు · మంగళవారం, ఉదయం 7:45

నేను లాయర్ని. మొన్నట్నుంచి చదువుతున్నాను, మీరందరూ తిరుగుతున్నది రుజువు భారం చుట్టూ. దాని మీద కొంచెం చట్టం.

ఇంగ్లండ్‌లో 1984 నాటి పోలీసు, సాక్ష్యాల చట్టంలో 69వ సెక్షన్ ఉండేది. క్రిమినల్ కేసులో కంప్యూటర్ కాగితం పెట్టాలంటే ఆ కంప్యూటర్ సరిగా పనిచేస్తోందని ముందు చూపించాలి. ఇది చాదస్తంగా ఉందని 1997లో అక్కడి లా కమిషన్ తీసేయమంది. 1999లో తీసేశారు. ఆపైన, కంప్యూటర్ సరిగానే పనిచేసిందని కోర్టు అనుకుంటుంది, కాదన్నవాడు ఆధారం చూపాలి. హొరైజన్ పెట్టడం మొదలైన ఏడాదీ అదే, గమనించారా? కొట్టు నడుపుకునే మనిషి, ఫుజిత్సు సర్వర్ లోపలి సంగతి ఎలా చూపిస్తాడు? 555 మంది కలిసి వేసిన సివిల్ దావాలో 2019లో జస్టిస్ ఫ్రేజర్ లోపలి రికార్డులన్నీ బయటికి లాగించాకే గుట్టు రట్టయింది. పోస్టాఫీసు వాదనని ఆయన భూమి బల్లపరుపుగా ఉందని ఈ 21వ శతాబ్దంలో వాదించడంతో పోల్చాడు.

మన దగ్గర ఎలాగంటే, పాత సాక్ష్య చట్టంలో 65బి, 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. కంప్యూటర్ కాగితంతో పాటు, ఆ కంప్యూటర్ సరిగా పనిచేసిందని ఒక మనిషి సంతకంతో సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇంగ్లండ్ నుంచే తెచ్చుకున్నాం, వాళ్లు వదిలేశారు, మనం ఉంచుకున్నాం. 2020లో సుప్రీంకోర్టు అది తప్పనిసరని గట్టిగా చెప్పింది కూడా.

మురిసిపోకండి. నేను చూసిన సర్టిఫికెట్లలో చాలావరకు అచ్చుపోసిన ఫారమే, తేదీ మారుతుంది. సంతకం చేసినాయన్ని బోనులో నిలబెట్టి ‘ఆ సర్వర్ ఎక్కడుంది సార్’ అంటే నీళ్లు నములుతాడు. అయినా నాకు అది ఇష్టం. అడగడానికి ఒక మనిషి దొరికాడు కదా.

ఇంకో చిక్కుంది. ఈ రక్షణ కోర్టు గుమ్మం లోపలే. కార్డు తీసేసేది, పెన్షన్ ఆపేది కోర్టు కాదు, మండలాఫీసు. అక్కడ ఏ సర్టిఫికెట్టూ ఎవరూ అడగరు.

పాత_క్యాషియర్ · మంగళవారం, ఉదయం 8:30

లాయరు గారూ, ‘సరిగా పనిచేసిందని అనుకుంటుంది’ అన్నారు చూడండి, మా బ్యాంకుల్లో మొదట అలా అనుకోలేదు. కంప్యూటర్లు కొత్తగా వచ్చినప్పుడు కొంతకాలం లెడ్జరూ రాశాం, మిషన్‌లోనూ కొట్టాం. రెండూ కలిసేదాకా దాన్ని నమ్మలేదు. డబుల్ పని అని యూనియన్ వాళ్లం గోల చేశాం. ఇప్పుడు ఏ పథకానికైనా అలా కొన్నాళ్లు పక్కపక్కన నడిపి చూస్తున్నారా? యాప్ విడుదలైన రోజునే పాత రిజిస్టరు అటకెక్కిస్తున్నారు.

సెమికోలన్ · మంగళవారం, ఉదయం 10:05

దాన్ని మేం ప్యారలల్ రన్ అంటాం. ఎస్టిమేట్‌లో వేస్తాం, క్లయింట్ కొట్టేస్తాడు.

మౌనంగా_చదివేవాణ్ణి · మంగళవారం, రాత్రి 8:50

ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. తత్వం నాకంతగా తెలీదు గానీ మీరు చెప్పేది మా ఇంట్లోనే జరుగుతోంది. మా అత్తమ్మకి వితంతు పెన్షన్ ఆగిపోయింది. ఆవిడ ఉండేది రెండు గదుల రేకుల ఇల్లు. ఆవిడ ఆధార్‌కి ఎవరిదో కరెంటు మీటరు తగిలించి ఉందట, యూనిట్లు ఎక్కువ కాలుతున్నాయని అనర్హుల్లో పడేసింది. సచివాలయంలో ఉన్న అమ్మాయి మంచిదే. ‘నాకు తెలుసు అంకుల్, నా లాగిన్‌లో మార్చే ఆప్షన్ లేదు’ అంటోంది. ఎంపీడీవో ఆఫీసులో కరెంటాఫీసుకెళ్లమన్నారు. వాళ్లు సచివాలయానికే వెళ్లమన్నారు. అర్జీ ఇస్తే తీసుకుంటున్నారు, కాగితం మీద జవాబు మాత్రం ఎవరూ ఇవ్వట్లేదు. ఏం చేయాలి?

నల్లకోటు · మంగళవారం, రాత్రి 9:30

ముందు కరెంటాఫీసులో ఆ మీటరు సర్వీసు నంబరు ఎవరి పేరున ఉందో, ఏ ఇంటికి ఉందో అక్కడి అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) చేత రాయించుకోండి. నోటిమాట వద్దు.

రెండోది, ఎంపీడీవో ఆఫీసులో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. 2005 చట్టంలో 4(1)(డి) అని ఉంది: నిర్ణయం వల్ల దెబ్బతిన్న మనిషికి ఆ నిర్ణయానికి కారణాలు చెప్పాల్సిన బాధ్యత ఆఫీసుదే. దాన్ని పేర్కొని మూడు సంగతులు అడగండి. పెన్షన్ ఏ తేదీన, ఏ కారణంతో ఆపారు? ఆ నిర్ణయం తీసుకున్న అధికారి హోదా ఏమిటి? ఆవిడ ఆధార్‌కి ఆ మీటరును ఏ రికార్డు ఆధారంగా జతచేశారు? రెండోదానికి ‘సిస్టం ద్వారా ఆగింది’ అని రాసిస్తే ఇంకా మంచిది, ఆ కాగితం జాగ్రత్త. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు.

చౌకడిపో · మంగళవారం, రాత్రి 9:41

అన్నా, మీటరు ఉన్న ఇల్లు పక్క వీధిలోనే ఉండొచ్చు, ఒకసారి చూసుకోండి. మా ఊళ్లో ఇంటి ఓనరు మీటరు అద్దెకున్న ముసలామెకి తగిలింది.

మౌనంగా_చదివేవాణ్ణి · మంగళవారం, రాత్రి 9:55

థ్యాంక్స్ అండి. రేపు సెలవు పెట్టి వెళ్తాను. దరఖాస్తుకి ఫారం కొనాలా, ఫీజెంత?

నల్లకోటు · మంగళవారం, రాత్రి 10:02

ఫారం అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాయండి. అత్తమ్మ గారి పేరుతో, ఆవిడ సంతకంతోనే. మండల స్థాయిలో ఐదు రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు, కార్డు జిరాక్సు జతచేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకున్నాకే బయటికి రండి.